కాకి కదలని రోజున కదిలే రుద్రులు

కనుమ నాడు కాకి కూడా కదలదని పెద్దల మాట. పండక్కి వచ్చిన కూతుర్నీ అల్లుణ్నీ ఆ పూట ఊరు దాటనివ్వరు. సెలవు లేదండీ, పొద్దున్నే ఆఫీసు ఉందండీ అని అల్లుడుగారు ఎంత మొత్తుకున్నా "ఇవాళ కనుమ బాబూ, రేపు వెళ్దురుగాని" అంటూ అత్తగారు సంచి తీసుకెళ్లి లోపలి గదిలో పెట్టేస్తుంది. సరిగ్గా అదే రోజున కోనసీమలో పదకొండు ఊళ్ల శివుళ్లు గుళ్లు వదిలి, మనుషుల భుజాలెక్కి, కాలువలు దాటి, చేలకు అడ్డంపడి ఒక కొబ్బరి తోటకు చేరుకుంటారు. మనుషులు కదలకూడని రోజునే దేవుళ్లు ప్రయాణం పెట్టుకున్నారు. ఈ ముహూర్తం ఎవరు పెట్టారో గాని, కొంటెతనం తెలిసినవాళ్లే పెట్టి ఉంటారు.

మండపేట నుంచి ఆ తోటకు వెళ్లాలంటే గోదావరి దాటాలి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు పుట్టినప్పుడు మండపేటను కోనసీమ జిల్లాలో కలిపారు. కానీ పాత లెక్కలో కోనసీమ అంటే గౌతమికీ వసిష్ఠకూ నడుమనున్న నేల. మండపేట గౌతమికి ఇవతల ఒడ్డున, ద్రాక్షారామం, రామచంద్రపురాల వైపు ఉంది. ఇక్కడివాళ్లు కోనసీమకు వెళ్లాలంటే జొన్నాడ దగ్గర వంతెన మీదుగా రావులపాలెం చేరాలి, లేదా కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరంలో దిగాలి. ఒడ్డు మారితే పండుగ తీరు కూడా కాస్త మారుతుంది. ఇవతల సంక్రాంతి ఎక్కువగా ఇంట్లోనూ వాకిట్లోనూ జరుగుతుంది. అవతల మూడో రోజుకు ఊరు ఊరంతా చేలల్లోకి దిగుతుంది. రెండింటికీ ఆధారం మాత్రం ఒకటే. ఎవరి వంతు వారు చెయ్యడం. సంక్రాంతి గురించి ఎంతమంది ఎన్ని రాసినా సూర్యుడి గురించీ పంట గురించీ రాస్తారు గాని ఈ వంతుల సంగతి పెద్దగా పట్టించుకోరు. నా మటుకు ఈ పండుగ చరిత్రంతా అందులోనే ఉంది.

రాతిలో రాసుకున్న పండుగ

మండపేటకు దగ్గరలోనే ఉంది ద్రాక్షారామం. పంచారామాల్లో ఒకటైన భీమేశ్వరాలయం గోడల నిండా, స్తంభాల నిండా శాసనాలే. వాటిలో చాలా భాగం దక్షిణ భారత శాసనాల నాలుగో సంపుటంలో అచ్చయ్యాయి. వేంగి చాళుక్యుల ఇంట పుట్టి 1070లో చోళ సింహాసనం ఎక్కిన కులోత్తుంగుడి కాలం నాటివి వాటిలో ఎన్నో. రాణులు, మంత్రులు, సేనాపతులు, వర్తకులు తమ పుణ్యం కోసమో తల్లిదండ్రుల పుణ్యం కోసమో గుడికి ఇచ్చిన దానాల లెక్కలవి. ఆ దానాలు చేసిన రోజులు చూడండి. మళ్లీ మళ్లీ కనిపించేది ఉత్తరాయణ సంక్రాంతి. గ్రహణం తర్వాత దాతలకు అంతగా నచ్చిన రోజు మరొకటి లేనట్టుంది.

ఎక్కువ దానాలు అఖండ దీపానికి. దాని పద్ధతి ఇలా ఉండేది. దాత గుడికి డబ్బిచ్చి చేతులు దులుపుకోడు. 50 గొర్రెలను ఇస్తాడు. వాటిని ఒక కాపరికి అప్పగిస్తారు. ఆ కాపరి, అతని తర్వాత కొడుకులు, మనుమలు రోజూ మానెడు నెయ్యి గుడికి తెచ్చి పోయాలి. మంద పెరిగితే లాభం కాపరిది, దీపం ఆరితే తప్పు కూడా అతనిదే. శాసనంలో దాత పేరుతో పాటు ఆ కాపరి పేరు కూడా చెక్కించారు. తొమ్మిది వందల ఏళ్ల కిందట ఒక సంక్రాంతి నాడు ఒక పశులకాపరి కుటుంబం మీద పడిన వంతు అది, రాతి మీద సంతకం లాంటిది.

మరో చిన్న ముచ్చట. కులోత్తుంగుడి రోజుల్లో ఉత్తరాయణ సంక్రాంతి డిసెంబరు చివరి వారంలో వచ్చేది. ఇప్పుడు జనవరి 14న, లేదంటే 15న వస్తోంది. మన పంచాంగం నక్షత్రాలను పట్టుకుని నడుస్తుంది, ఇంగ్లీషు క్యాలెండరు రుతువులను పట్టుకుని నడుస్తుంది. ఈ రెండింటి మధ్య సుమారు డెబ్బై ఏళ్లకో రోజు తేడా వస్తూ ఉంటుంది. పండుగ రేపా ఎల్లుండా అని ఏటా టీవీల్లో వాదులాడుకునే పండితులు ఈ సంగతి ఒక్కసారి చెబితే సగం గొడవ తగ్గుతుంది.

కళ్లం దగ్గర మొదలైన బేరం

ధనుర్మాసం పెట్టగానే తెల్లవారుజామున హరిదాసు వస్తాడు. తలమీద అక్షయపాత్ర, ఒక చేత చిరతలు, మరో చేత తంబూరా, కాళ్లకు గజ్జెలు. ఆ పాత్ర ఊరు తిరిగినంతసేపూ దించడు. పాట తప్ప మాట ఉండదు. ఇంటి పిల్ల గుప్పెడు బియ్యం పట్టుకొచ్చి నిలబడితే పాత్ర అందేటట్టు ఒంగుతాడు, బియ్యం పడగానే కృష్ణార్పణం అని తర్వాతి గుమ్మానికి సాగిపోతాడు. ఆయన వెనకే గంగిరెద్దులవాళ్లు. సన్నాయి, డోలు, ఎద్దు మీద పాత చీరలతో కుట్టిన బొంతలు. బుడబుక్కలవాడు, జంగమదేవర, కొమ్మదాసరి కూడా ఎవరికి వారు ఇదే నెలలో వచ్చేవారు.

దీన్ని భిక్ష అనుకుంటే పొరపాటే. పంట నూర్చిన కళ్లంలోనే చాకలికి, మంగలికి, వడ్రంగికి, కమ్మరికి, కుమ్మరికి మేర కొలిచేవారు. ఏడాది పొడుగునా చేసిన పనికి కొత్త ధాన్యంలో భాగం అది. ఆ కొలత అయ్యాక ఇళ్లకు చేరిన గాదెల్లోంచి పాటవాడికీ ఎద్దువాడికీ ఇచ్చేది రెండో విడత. ఎవరు ఏ ఊరు తిరగాలో వాళ్లలో వాళ్లకు కట్టుబాటు ఉండేది. ఒకరి ఊళ్లో మరొకరు అడుగు పెట్టేవారు కాదు. అంటే రైతు దగ్గర వాళ్లకు హక్కు ఉంది, రైతుకు వాళ్లతో పని ఉంది. ధాన్యం వచ్చిన రోజుల్లోనే పండుగ రావడం వల్ల ఈ బాకీలన్నీ తీరేవి. సంక్రాంతిని పెద్ద పండుగ అనడానికి భక్తి ఒక్కటే కారణం కాదు. ఏడాది ఖాతా మూసే రోజు అది.

ఇప్పుడు మండపేట చుట్టూ ఉన్న అర్తమూరు, ఏడిద, కేశవరం, మారేడుబాక లాంటి ఊళ్లలో కోతల రోజుల్లో నిలబడి చూడండి. యంత్రం చేలోకి దిగుతుంది, ధాన్యం గట్టు మీదే సంచుల్లోకి ఎక్కుతుంది, అక్కణ్నుంచి లారీ మిల్లుకు పోతుంది. మండపేటకు మిల్లులు కొత్త కాదు. కొత్తదల్లా కళ్లం లేకపోవడం. కుప్ప లేదు, నూర్పు లేదు, కొలత లేదు. కొలత లేని చోట మేర ఎవరు అడుగుతారు? రైతు సొంత ఇంటికి బియ్యం కూడా కొట్టు నుంచే వస్తుంటే గాదెలోంచి తీసి పెట్టేదేముంది? హరిదాసు ఈ మధ్య కొన్ని చోట్ల స్కూటరు మీద మైకు కట్టుకుని వస్తున్నాడు. చూసి నవ్వుకునేవాళ్లున్నారు. నాకు నవ్వు రాలేదు. గుప్పెడు బియ్యం ఇచ్చే గుమ్మాలు దూరదూరంగా అయిపోయాక, నడిచి తిరిగితే ఆయనకు పూట గడవదు మరి.

ఇక్కడే ఒక సంగతి చెప్పుకోవాలి. మండపేట పక్కనే గౌతమి ఒడ్డున కపిలేశ్వరపురం ఉంది. అక్కడి జమీందారీ కుటుంబానికి చెందిన ఎస్.బి.పి.బి.కె. సత్యనారాయణరావు గారు 1973లో సర్వారాయ హరికథా పాఠశాల పెట్టారు. తిండీ వసతీ ఇచ్చి హరికథ నేర్పిన బడి. అక్కడ చదువుకుని కథ చెప్పడానికి గజ్జె కట్టిన ఆడపిల్లలు ఎందరో. సభలో హరికథ చెప్పే దాసు వేరు, వాకిట్లో పాడే హరిదాసు వేరు. మొదటి ఆయనకు బడి దొరికింది, ప్రభుత్వ గుర్తింపు దొరికింది. రెండో ఆయనకు ఏదీ దొరకలేదు. ఆయనకున్న ఆసరా కళ్లం ఒక్కటే, అది పోయింది.

గొబ్బెమ్మల సంగతి కొంత నయం. ముగ్గులో పెట్టిన గొబ్బెమ్మల మీద గుమ్మడిపూలు గుచ్చి, సాయంత్రానికి తీసి, గోడకు పిడకలుగా చరిచేవారు. వాటిలో కొన్ని దండగా గుచ్చి పిల్లలు భోగి మంటలో వేసేవారు. మిగిలినవి దాచి రథసప్తమి నాడు తులసికోట దగ్గర వాటి మంట మీదే పాలు పొంగించి పరమాన్నం వండి, చిక్కుడాకుల్లో సూర్యుడికి నైవేద్యం పెట్టేవారు. ముగ్గులో పువ్వు పెట్టుకున్న పేడముద్ద నెలా నెలన్నర తర్వాత పొయ్యిలోకి చేరి పండుగ ముగించేది. ఇప్పుడు పశువులు లేక పిడకలు ఆన్‌లైన్లో కొంటున్నారని వెక్కిరిస్తాం గాని, కొనైనా ఆ పద్ధతి నిలబెట్టుకునేవాళ్లంటే నాకు గౌరవమే.

ఒంటిచేత్తో కాని వంట

అరిసె వండడం చూసినవాళ్లకు ఇది తెలుస్తుంది. కొత్త బియ్యం నానబెట్టి, వాడ్చి, తడి ఆరకముందే దంపి జల్లించాలి. ఆలస్యమైతే పిండి పొడిబారి అరిసె విరుగుతుంది. బెల్లం పాకం దగ్గరే అసలు పరీక్ష. పళ్లెంలో నీళ్లు పోసి రెండు చుక్కలు వేసి వేళ్లతో దగ్గరకు లాగితే మెత్తటి ఉండ కట్టాలి. జారిపోతే లేతపాకం, అరిసె నూనెలో విడిపోతుంది. పళ్లేనికి తగిలి టంగుమంటే ముదిరిపోయింది, పళ్లు ఊడతాయి. ఈ రెండింటికీ మధ్య ఉన్నది కొద్ది క్షణాలే. అప్పుడు ఒకరు పాకం గిన్నె పట్టుకుని తెడ్డు తిప్పాలి, ఒకరు పిండి పోయాలి. ఆ తర్వాత ఒకరు నెయ్యి రాసిన ఆకు మీద వత్తాలి, ఒకరు మూకుడు దగ్గర కూర్చోవాలి, ఒకరు రెండు చెక్కల మధ్య పెట్టి నూనె పిండాలి.

"పిన్నీ, పాకం చూడవే, నా కంటికి ఆనడం లేదు" అని ఒక ఇంట్లో పిలుపు వస్తే పక్కింటి పిన్నిగారు పైటచెంగు దోపుకుని వెళ్లేది. ఇవాళ మీ ఇంట్లో అయితే రేపు మా ఇంట్లో. చేలల్లో మగవాళ్లు బదులు పనులకు వెళ్లినట్టే ఆడవాళ్లు బదులు వంటలకు వెళ్లేవారు. అరిసెలతోపాటు అదే చలిమిడితో పోకుండలు, మరోపక్క జంతికలు, సున్నుండలు, కజ్జికాయలు డబ్బాల్లోకి చేరేవి. పాకం పట్టడం చేతనైన మనిషికి ఆ పది రోజులూ వీధిలో ఉన్న పరపతి సర్పంచికి కూడా ఉండేది కాదు.

వంట ఇంటి నుంచి అంగడికి వెళ్లినా చెడిపోనక్కర్లేదని చూపించిన ఊరు మండపేట మండలంలోనే ఉంది. తాపేశ్వరం. పోలిశెట్టి సత్తిరాజు గారి మడత కాజా ఆ ఊరికి పేరు తెచ్చింది. కాకినాడ గొట్టం కాజాలో పాకం లోపల దాక్కుంటుంది, తాపేశ్వరం కాజాలో పాకం పొర పొరకూ పాకుతుంది. ఆ ఊళ్లో ఇప్పుడు పెళ్లి సారెలు, పండగ సారెలు కావిళ్ల లెక్కన తయారవుతాయి. అదే ఊరి మిఠాయివాళ్లు 2016లో వినాయక చవితికి 29,465 కిలోల లడ్డూ చేసి గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కారు. అంత లడ్డూ ఎవరు తింటారని అడగకండి. గోదావరి వాళ్ల మర్యాదకు కొలతలు ఉండవు. కొత్త అల్లుడి ముందు వందల రకాలు పరిచి వీడియో తీసే సరదా కూడా ఈ మర్యాదలోంచే పుట్టింది. అయితే పాత పద్ధతిలో అల్లుడికి చేసిన మర్యాద అతను తినగలిగినంత ఉండేది. ఇప్పటిది ఫోన్లో పట్టేంత ఉంటోంది.

కొత్త బియ్యం సంగతికి వస్తే, దాని వెనక ఆనకట్ట ఉంది. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టి 1852కు పూర్తి చేసిన పని అది. తూర్పు డెల్టా కాలువల్లో ఒకటి మండపేట పేరు మీదే ఉంది. అవతల వైనతేయ మీద గన్నవరం దగ్గర కాలువనే నది మీదుగా దాటించిన అక్విడక్టును ఇంజనీరు హేగ్ కట్టాడు. సార్వా గ్యారంటీ అయిందంటే, దాళ్వా అనే రెండో పంట ఊరికి అలవాటైందంటే ఈ కాలువల చలవే. సంక్రాంతి నాడు పెద్దలకు తర్పణాలు వదిలేటప్పుడు కాటన్ దొరను కూడా తలుచుకునేవారని ఇక్కడ చెప్పుకుంటారు. గోదావరి జిల్లాల్లో ఆ మాట ఎవరికీ వింతగా అనిపించదు.

కాలువ ఉన్నంత మాత్రాన రైతు గట్టెక్కినట్టు కాదు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. కూలి పెరిగి, గిట్టుబాటు ధర లేక, ముంపు నీరు పోయే దారి లేక చేలను బీడు పెట్టేశారు. దేశమంతా ఆశ్చర్యంగా చూసింది. నాట్లు వెయ్యని ఆ ఇళ్లకు తర్వాతి సంక్రాంతి సొంత వడ్లు లేకుండానే వచ్చింది. అన్నపూర్ణ అని బిరుదు ఇచ్చిన నేలలో అరిసెకు బియ్యం కొనుక్కున్నారు.

ఏకాదశ రుద్రుల సభ

అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర జగ్గన్నతోట. పేరుకు తీర్థం గాని అక్కడ గుడి లేదు, గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. కొబ్బరి చెట్లు, వాటి కింద నీడ, అంతే. ఏడాదికి ఒక్క పూట పదకొండుమంది రుద్రులు అక్కడ కొలువుదీరి లోకం బాగోగులు మాట్లాడుకుంటారని నమ్మకం. పదిహేడో శతాబ్ది నుంచి ఇది సాగుతోందని ఊళ్లవాళ్లు చెబుతారు. తోటకు పేరిచ్చిన జగ్గన్న ఎవరన్న దానికి కథలు ఒకటికి మించి ఉన్నాయి. పెద్దాపురం సంస్థానాన్ని ఏలిన వత్సవాయి రాజుల్లో ఒకరంటారు కొందరు.

రుద్రుల పేర్లు, ఊళ్లు కోనసీమ పిల్లలకు కంఠతా ఉంటాయి. వ్యాఘ్రేశ్వరంలో వ్యాఘ్రేశ్వరుడు, పుల్లేటికుర్రులో అభినవ వ్యాఘ్రేశ్వరుడు, కె.పెదపూడిలో మేనకేశ్వరుడు, ఇరుసుమండలో ఆనంద రామేశ్వరుడు, వక్కలంకలో విశ్వేశ్వరుడు, ముక్కామలలో రాఘవేశ్వరుడు, మొసలపల్లిలో భోగేశ్వరుడు, గంగలకుర్రు అగ్రహారంలో వీరేశ్వరుడు. నేదునూరు, పాలగుమ్మి, గంగలకుర్రు ఈ మూడు ఊళ్లలోనూ చెన్నమల్లేశ్వరుడే. మొసలపల్లి భోగేశ్వరుడిది ఆతిథ్యం, తోట ఆ ఊరి దగ్గరది కాబట్టి. వ్యాఘ్రేశ్వరుడిది అధ్యక్ష పీఠం. ఆయన ప్రభ తోటలోకి రాగానే అప్పటికే వచ్చి ఉన్న ప్రభలన్నింటినీ ఒక్కసారి పైకెత్తి దించుతారు. పెద్దమనిషి వస్తే లేచి నిలబడే మర్యాద అన్నమాట. దేవుళ్ల మధ్య కూడా ప్రోటోకాల్ ఉంది, అది ఏనాడూ తప్పలేదని ఆ ఊళ్లవాళ్లు గర్వంగా చెబుతారు.

ప్రభ అంటే ఏమిటో చూడనివాళ్లకు కాస్త చెప్పాలి. కింద బరువైన చెక్క పీట. దాని మీద వెదురు బద్దలను వంచి, అర్ధచంద్రంలా పైకి లేపి, తాళ్లతో బిగిస్తారు. ఆ చట్రానికి రంగురంగుల గుడ్డలు వరసలు వరసలుగా చుడతారు. నెమలి ఈకలు, గంటలు, పూలదండలు, కొత్త వరి కంకుల కుచ్చులు వేలాడతాయి. నడుమ ఉత్సవమూర్తి. మొయ్యడానికి కింద అడ్డంగా పొడవాటి దుంగలు కడతారు. పైనుంచి ముందుకూ వెనక్కూ మోకులు దించి కొందరు పట్టుకుంటారు. ప్రభ ఒక పక్కకు ఒరిగితే రెండో పక్క మోకు లాగి నిలబెట్టాలి. చక్రం లేదు, బండి లేదు. భుజాలే ఆధారం. దారిలో కరెంటు తీగలు అడ్డమైతే సరఫరా ఆపి తప్పిస్తారు. కొబ్బరి మట్ట అడ్డమైతే చెట్టుగల ఆసామే కొట్టేస్తాడు.

ఈ పని ఎవరో గుత్తేదారుడికి ఇచ్చి చేయించేది కాదు. వెదురు తెచ్చేది ఒకరు, కట్టేది ఒకరు, గుడ్డలు ఇచ్చేది కొన్ని ఇళ్లు, మొయ్యడానికి ఇంటికో కుర్రాడు. హైదరాబాదులో ఉన్నా, అమెరికాలో ఉన్నా ఆ పూటకు భుజం పట్టడానికి వచ్చేవాళ్లున్నారు. రాలేనివాళ్లు చందా పంపుతారు గాని, చందా పంపినవాడి కంటే భుజం పట్టినవాడిదే ఊళ్లో పైచెయ్యి.

గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు వచ్చే దారిలో ఎగువ కౌశిక అడ్డం. వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లరు. నీళ్లలోకే దిగుతారు. మధ్యాహ్నం ఎండలో రెండు గట్లూ జనంతో నిండిపోయి ఉంటాయి. ముందు మోకు పట్టినవాళ్లు దిగుతారు, కాలికింద బురద ఎంత లోతుందో చూసుకుంటూ. తర్వాత మోసేవాళ్లు. నీళ్లు మోకాళ్లకు, నడుముకు, ఛాతీకి. ఆ క్షణాన భుజం మీది బరువు కంటే అడుగు జారుతుందన్న భయమే ఎక్కువ. ఒకడు జారినా పక్కవాడు ఆగకూడదు, ఆగితే ప్రభ ఒరుగుతుంది. "హరహర మహాదేవ", "అశ్శరభ శరభ" అన్న కేకలు భక్తి కోసం అనుకుంటాం గాని, అవి అడుగుల లెక్క కూడా. ఒక కేకకు అందరి కాళ్లూ ఒకేసారి కదలాలి. అవతలి గట్టు ఎక్కేటప్పుడు ముందున్నవాళ్లు పైకి, వెనకున్నవాళ్లు కిందకి ఉంటారు కాబట్టి బరువంతా వెనక భుజాల మీదకు జారుతుంది. అక్కడ నిలబడేది ఊళ్లో గట్టి కుర్రాళ్లు. గట్టెక్కాక ఒక్కసారి డప్పులు, తాషాలు, గరగలు.

ఆ తర్వాత చేలు. జనవరి మధ్యకు దాళ్వా నాట్లు పడి ఉంటాయి. ప్రభ గట్టు మీద పట్టదు. నాటిన చేలోంచే నడుస్తుంది. పచ్చటి మొక్క బురదలోకి దిగిపోతుంటే చేను గల రైతు చేతులు జోడించి నిలబడతాడు. రుద్రుడు తొక్కిన చేను బాగా పండుతుందని ఆయన నమ్మకం. ఒక్క సంగతి మాత్రం గమనించాలి. కాలువలు రాకముందు జనవరి నెలలో ఆ చేలల్లో నీళ్లు నిలిచిన రెండో వరి ఉండటం కష్టం. కాబట్టి ప్రభలు పాతవే అయినా, పచ్చని నాట్ల మీద ప్రభలు నడిచే ఈ దృశ్యం కాటన్ తర్వాతిదే అయి ఉండాలి. పాత ఆచారం కొత్త నేలకు సర్దుకుంది. రైతు కూడా సర్దుకున్నాడు, నష్టాన్ని మొక్కుగా మార్చుకుని.

కొత్తపేటలో ప్రభల తీర్థం సంక్రాంతి నాడే జరుగుతుంది. అక్కడ ఎత్తుకు పోటీ, బాణసంచాకు పోటీ. కోనసీమలో ఇంకా ఎన్నో ఊళ్లలో కనుమకూ ముక్కనుమకూ చిన్నా పెద్దా తీర్థాలున్నాయి. 2023 జనవరి 26న ఢిల్లీ కర్తవ్యపథ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటంగా వెళ్లింది ప్రభల తీర్థమే. చూడటానికి బాగుంది. కాకపోతే శకటానికి చక్రాలున్నాయి.

బరి, బొమ్మ

కోడిపందేల గురించి రాయకపోతే గోదావరి వ్యాసం కాదంటారు. డేగ, కాకి, నెమలి, పింగళ, సీతువ అని పుంజులకు పేర్లు, ఏ రోజున ఏ రంగు గెలుస్తుందో చెప్పే కుక్కుటశాస్త్రం, పల్నాటి యుద్ధం దాకా వెళ్లే చరిత్ర, అన్నీ ఉన్నాయి. మండపేట, అనపర్తి వైపు కోడిగుడ్ల వ్యాపారం పెద్దది. షెడ్డులో వేల కోళ్లకు ఒకే మేత, పెరట్లో పందెంపుంజుకు మాత్రం బాదంపప్పు, జీడిపప్పు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, 1974 నాటి గేమింగ్ చట్టం రెండూ దీన్ని నేరమనే చెబుతున్నాయి. కత్తి కట్టి, లక్షలు కాసి, పక్కనే పేకాట బల్లలు పరిచి, దాన్ని సంప్రదాయం అనడం నాకు మింగుడుపడదు. ఇందులో ఎవరి వంతూ లేదు. గెలిచినవాడు పట్టుకుపోతాడు, ఓడినవాడు పొలం పత్రాలు వెతుక్కుంటాడు.

ఆడవాళ్ల పండుగకు ఇంత ప్రచారం లేదు. కోస్తాలో చాలా ఇళ్లలో బొమ్మల కొలువు దసరాకు కాక సంక్రాంతికే పెడతారు. అంతకంటే తక్కువమందికి తెలిసింది ముక్కనుమతో మొదలయ్యే బొమ్మల నోము. కొత్తగా పెళ్లయిన అమ్మాయిలు మట్టితో చేసిన సావిత్రి గౌరమ్మను నిలిపి తొమ్మిది రోజులు పూజించి, పిండివంటలు నైవేద్యం పెట్టి, చివరికి నీళ్లలో కలుపుతారు. మొదటి పండక్కి అల్లుడు మూడు రోజుల్లో వెళ్లిపోయినా కూతురు మరో పది రోజులు పుట్టింట ఉండటానికి ఇంతకంటే మంచి సాకు లేదు. ఈ నోము పెట్టింది కచ్చితంగా ఒక తల్లే అయి ఉంటుంది. ఇప్పుడు ఉద్యోగాల సెలవుల్లో తొమ్మిది రోజులు దొరక్క చాలా ఇళ్లలో ఇది మానేశారు. ప్రభకు భుజం పట్టడానికి కొడుకులకు దొరికే సెలవు, నోముకు కూతుళ్లకు ఎందుకు దొరకదో ఆ ఇళ్లవాళ్లే ఆలోచించుకోవాలి.

ఈసారి కనుమకు జగ్గన్నతోటకు వెళ్దామనుకునేవాళ్లకు రెండు మాటలు. మధ్యాహ్నానికల్లా కౌశిక గట్టుకు చేరుకోండి, తోటలో సభ కంటే అక్కడి దాటుడే చూడాల్సింది. మోసేవాళ్లకు అడ్డంపడి ఫోటోలు తియ్యకండి. పొద్దున్నే మీ ఇంటిముందుకు హరిదాసు వచ్చి ఉంటే, స్కూటరు మీద వచ్చినా సరే, బియ్యం పోసే బయల్దేరండి. తోటకు నడిచేటప్పుడు గట్టు దిగకండి. ప్రభ తొక్కితే రైతు పుణ్యం అనుకుంటాడు గాని మనం తొక్కితే అనుకోడు.